ఇంటి వైపు వాటం

ఆ శీతాకాలపు మొదటి వాన మంగళవారం పొద్దున్నే అందుకుంది. నజీహా పొయ్యి మీద కాఫీ పొంగు చూస్తోందన్న మాటే గానీ, చెవి మాత్రం కింద గ్యారేజీ వైపే ఉంది. చూరు గొట్టంలోంచి నీళ్ళు సిమెంటు మీద పడే చప్పుడు మొదట గట్టిగా వినిపించి, తరవాత మెత్తబడింది. అంటే నీళ్ళ మీద నీళ్ళు పడుతున్నాయన్నమాట. పొయ్యి కట్టేసి, గౌను అంచు పైకి దోపుకుని గబగబా మెట్లు దిగింది.

అప్పటికే షట్టరు కింద వేలెడు సందులోంచి నీళ్ళు లోపలికొచ్చి కుట్టుమిషను పెడలు దాకా పాకాయి. కత్తిరింపు బల్ల కింద పెట్టిన గుడ్డల మూటలు రెండూ అడుగున తడిసిపోయాయి. నజీహా వాటిని బల్లమీదికి లాగింది, మిషన్ల వైర్లు పీకేసి మెడలో వేసుకుంది. బయట గేటు నుంచి గ్యారేజీ దాకా దిగే కారు దారి అంతా గోధుమరంగు నీళ్ళతో నిండి ఉంది. వాళ్ళ పాత కారు సగం చక్రాల లోతున, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

"వచ్చాయా?" అన్నాడు పైనుంచి ఆమె భర్త రుష్దీ. చేతిలో టీ గ్లాసు, భుజాన ఉన్ని శాలువా.

"రాక ఎక్కడికి పోతాయి? ఏటా వచ్చే దారేగా."

"రోడ్డు వాళ్ళ నిర్వాకం. తారు మీద తారు పోసి రోడ్డు ఎత్తు చేశారు. వీధి నీళ్ళన్నీ మన నెత్తిన రుద్దుతున్నారు."

"రోడ్డు వాళ్ళొచ్చి ఎత్తిపొయ్యరుగా, అబూ జవాద్. ఆ గ్లాసు అక్కడ పెట్టి వైపరు పట్టుకురండి." పెద్దకొడుకు జవాద్ పేరు కలిపి ఆయన్ని అబూ జవాద్ అనీ, ఆమెని ఉమ్ జవాద్ అనీ పిలవడం అక్కడి అలవాటు.

అమ్మాన్‌కి ఉత్తరాన కొండవాలున పట్టుకున్న పేట అది. ఏ ఇల్లు చూసినా ఒక పక్క వీధికి కింద, ఇంకో పక్క లోయకి పైన. రుష్దీ ముప్ఫై ఒక్క ఏళ్ళు రోడ్ల శాఖలో సూపర్వైజరుగా చేసి దిగిపోయాడు. దిగిపోయాడన్న మాటే గానీ రోడ్లు ఆయన్ని వదల్లేదు. పెళ్ళికో పరామర్శకో కారులో వెళ్తుంటే మధ్యలో ఆపేసి, "చూశావా, ఇక్కడ నీళ్ళ వాటం ఎటు పెట్టారో! గొర్రెలు కాచుకునేవాడైనా ఇంతకంటే బాగా పెడతాడు" అనేవాడు. పెద్దకొడుకు జవాద్ వెనక సీట్లో కూర్చుని ఈ పాఠాలు వింటూ పెరిగాడు. కాపురం దక్షిణాన అకబాకి మార్చడానికి అది కూడా ఒక కారణమని నజీహా అనుమానం.

గ్యారేజీలో నజీహా బట్టలు కుట్టడం మొదలుపెట్టి ఆరేళ్ళయింది. రెండు మిషన్లు, కుట్టిన బట్ట తొడిగి చూసే ఒక చెక్క బొమ్మ, గోడకి నిలువుటద్దం. పెళ్ళికూతుళ్ళు వేసుకునే సౌబ్ అనే పొడుగు గౌను మీద ఎర్రదారంతో అడ్డకుట్టు అల్లడంలో ఆ పేటలో ఆమె చేతికి తిరుగులేదు. ఇల్లు సగం ఆ చేతి మీదే నడుస్తోంది. అయినా మొగుడికి అది "నీ కాలక్షేపం".

ఆ శీతాకాలం రుష్దీ చేసిన వైద్యాలు అన్నీ ఇన్నీ కావు. ముందు గేటు దగ్గర జానెడెత్తున సిమెంటు గట్టు పోశాడు, వీధి నీళ్ళు లోపలికి రాకుండా. గట్టు ఆరగానే కారు బయటికి తీయబోతే అడుగున గర్రుమని గీసుకుని సైలెన్సరు ఊడింది. తరవాతి వానకి తెలిసిందేమిటంటే, ఇంటి కప్పు మీద పడే నీళ్ళే చాలు దారి నిండటానికి. గట్టు వల్ల ఒరిగింది ఊడిన సైలెన్సరు ఒక్కటే. గట్టు పగలగొట్టాడు.

తరవాత ఎవరో చెప్పారని డ్రిల్లు అరువు తెచ్చి సిమెంటులో పద్నాలుగు బెజ్జాలు పెట్టాడు, నీళ్ళు నేలలోకి ఇంకుతాయని. కింద బంకమట్టి. వాన పడ్డాక బెజ్జాల్లోంచి నీళ్ళు కిందికి పోవడం మాని, బుడగలు వేస్తూ పైకి వచ్చాయి. నజీహా పైన కిటికీలోంచి చూస్తూ నిలబడింది. ఆ చూపే రుష్దీకి ఎక్కువ మంటెక్కించింది.

"ఏంటి ఆ చూపు?"

"ఏం లేదు. ఊట బావి తవ్వారేమో అనుకున్నా. మన కుళాయి వారానికొకసారేగా వచ్చేది, పనికొస్తుంది."

ఆఖరికి ఒక నీళ్ళ మోటారు కొన్నాడు. దాన్ని షట్టరు ముందు పల్లంలో పెట్టి, గొట్టం ఎడమపక్క తోటలోకి తోశాడు. నీళ్ళు ఎక్కగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. రెండు చిన్న వానలకి చెప్పినట్టే తిరిగింది. ఇక ఆయన్ని పట్టలేకపోయారు. "చూశావా? ఓపిక పట్టమన్నానా లేదా?" అని నాలుగు రోజులు ఆమె వెనకాలే తిరిగాడు.

అయినా రోడ్డు మీద కోపం తగ్గలేదు. నగరపాలక కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాడు. జనవరిలో ఒకరోజు ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయి, కాళ్ళకి రబ్బరు బూట్లు, సంచిలో రసమట్టం. వీధి కొలిచింది, గేటు కొలిచింది, మెల్లగా గ్యారేజీ దాకా దిగింది.

"బాబాయ్, ఒక బకెట్టు నీళ్ళు ఇప్పిస్తారా?"

రుష్దీ తెచ్చి ఇచ్చాడు. ఆ అమ్మాయి షట్టరుకి నాలుగు మీటర్ల ఇవతల నిలబడి నీళ్ళు కుమ్మరించింది. నీళ్ళు ఒక క్షణం తటపటాయించి, తిన్నగా షట్టరు వైపు నడిచాయి.

"వీధి నీళ్ళు గేటు దగ్గర పక్క కాలవలోకి పోతున్నాయి బాబాయ్. రోడ్డుతో ఇబ్బంది లేదు. ఇక్కడ చూడండి, ఈ చివరి నాలుగు మీటర్లూ వాటం ఇంటి వైపు పెట్టారు. ఎడమకి, తోట వైపు పెట్టాల్సింది. మీ కప్పు నీళ్ళు, ఈ దారి మీద పడ్డ నీళ్ళు, అన్నీ ఇంట్లోకే పోతాయి. ఇది పోసిందెవరు?"

నజీహా టీ పళ్ళెం పట్టుకుని అప్పుడే మెట్లు దిగుతోంది. తొమ్మిదేళ్ళ కిందట ఈ దారి పోసినప్పుడు మండుటెండలో పనివాళ్ళకి ఇదే పళ్ళెంలో టీ మోసింది తను. నెత్తిన గళ్ళ రుమాలు కట్టుకుని, చేత్తో తాడు పట్టి, అటు పోయండి ఇటు పోయండి అని కేకలేసిన మనిషి ఎవరో ఆమెకి తెలుసు.

"ఒక కాంట్రాక్టరు" అన్నాడు రుష్దీ, గోడ వైపు చూస్తూ. "దొంగ వెధవ. డబ్బు పట్టుకుని పోయాడు."

నజీహా పళ్ళెం కారు మీద పెట్టింది. ఇంజనీరమ్మాయికి గ్లాసు అందించింది. భర్తకి అందించలేదు. అమ్మాయి వెళ్ళిపోయాక కూడా ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే ఎక్కడ ఆగుతుందో తనకే తెలీదు. ఇన్నాళ్ళూ వానని తిట్టుకుంది, రోడ్డుని తిట్టుకుంది, మొగుడి మొండితనాన్ని తిట్టుకుంది. అంతేగానీ ఈయనకి అన్నీ తెలిసే తనచేత నీళ్ళు తోయిస్తున్నాడని ఒక్కరోజు కూడా అనుకోలేదు.

ఫిబ్రవరి మొదట్లో, ఆ పేటలోనే ఉండే ఉమ్ నిదాల్ అనే ఆవిడ కూతురి పెళ్ళి సౌబ్ పూర్తయింది. దంతపు రంగు నారగుడ్డ, ఛాతీ నుంచి అంచు దాకా ఎర్ర అడ్డకుట్టు. అయిదు నెలల పని. మర్నాడు పెళ్ళికూతురు వచ్చి తొడిగి చూసుకోవాలి గనక నజీహా దాన్ని చెక్కబొమ్మకి వేసి ఉంచింది. అంచు నేలకి బెత్తెడెత్తున వేలాడుతోంది. ఆ మధ్యాహ్నం చెల్లెలి అత్తగారు పోయిందని కబురొస్తే పరామర్శకి వెళ్ళింది. అక్కడ కూర్చుని ఉండగా కిటికీ బయట ఆకాశం నల్లబడింది. పక్కగదిలోకి వెళ్ళి ఫోను చేసింది.

"అబూ జవాద్, వాన వచ్చేట్టుంది. కిందికెళ్ళి బొమ్మమీది సౌబ్ తీసి పైన మంచం మీద పరవండి. ఇప్పుడే."

"మోటారు ఉందిగా."

"మోటారు సంగతి నాకొద్దు. సౌబ్ తియ్యండి."

"సరే సరే, తీస్తా."

ఇంటికొచ్చేసరికి వాన వెలిసింది. గ్యారేజీ షట్టరు ఎత్తి ఉంది. రుష్దీ ప్యాంటు మడిచి నీళ్ళల్లో గొంతుక్కూర్చుని మోటారు విప్పుతున్నాడు. ఉరుములకి కరెంటు పోయి మోటారు ఆగిందట. ఆగిందెందుకో చూడ్డంలో పడి సౌబ్ సంగతి మరిచాడు. చెక్కబొమ్మ జానెడు లోతు నీళ్ళల్లో నిలబడి ఉంది. అంచు పట్టి ఎత్తి చూసింది నజీహా. ఎర్రదారం రంగు కారి, నారగుడ్డ మీద జానెడెత్తున గులాబీ మరకలు పాకాయి.

"కరెంటు పోతుందని ఎవరనుకున్నారు?" అన్నాడు రుష్దీ.

ఆమె సౌబ్ విప్పి, చేతుల మీద వేసుకుని పైకి తీసుకెళ్ళి స్నానాలగదిలో వేలాడదీసింది. తలుపు గడియ పెట్టుకుని తొట్టి అంచున కూర్చుంది. ఏడుపు రాలేదు. మరక ఎన్ని వేళ్ళ ఎత్తు పాకిందో కొలిచి చూసుకుంది.

మర్నాడు ఉమ్ నిదాల్ కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. నజీహా దాచలేదు. మరక చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పింది. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉమ్ నిదాల్ మాత్రం గుడ్డ అంచు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"పెళ్ళి పన్నెండు రోజులుంది, ఉమ్ జవాద్."

"తెలుసు. కింది పట్టీ కోసేసి కొత్తది అల్లి అతుకుతా. అతుకు కనపడదు. కనపడితే నా మొహాన కొట్టి వెళ్ళు."

"మళ్ళీ ఆ నీళ్ళ కొట్లోనేనా కుట్టేది?"

ఆ మాట ముల్లులా దిగింది. వాళ్ళు వెళ్ళగానే నజీహా చెల్లెలి కొడుకులిద్దర్నీ పిలిపించి మిషన్లు, బల్ల, అద్దం, చెక్కబొమ్మ అన్నీ పైకి మోయించింది. ముందుగదిలో పెట్టించింది. బంగారు అంచుల కుర్చీలు, మఖమలు సోఫాలు, గాజు బల్ల ఉండే ముందుగది. అతిథులకి తప్ప తలుపు తెరవని గది. గురువారం సాయంత్రాలు రుష్దీ స్నేహితులు ముగ్గురు వచ్చి పేకాడేది అక్కడే. గాజుబల్ల గోడవారకి జరిగింది. సోఫా మీద గుడ్డలు పరుచుకున్నాయి.

"ఇదేంటి?" అన్నాడు రుష్దీ గుమ్మంలో నిలబడి.

"నా కాలక్షేపం."

"మావాళ్ళు ఎక్కడ కూర్చుంటారు?"

"కూర్చోమనండి. ఇక్కడ నీళ్ళు లేవుగా."

గురువారం నాడు వాళ్ళు ముగ్గురూ వచ్చారు. ఆమె లేవలేదు. గది సగంలో పేక పంచుతుంటే మిగతా సగంలో మిషను గడగడలాడింది. ముక్క వేసినప్పుడల్లా రుష్దీ ఒకసారి మిషను వైపు చూసేవాడు. అబూ సఖర్ అనే ఆయన ఒకప్పుడు రోడ్ల శాఖలోనే కాంక్రీటు బండి నడిపేవాడు. చెవుడు కాస్త ఎక్కువ, నోరు ఇంకాస్త ఎక్కువ. మిషను రెండోసారి ఆగినప్పుడు అడిగాడు.

"వదినా, కింద అంత పెద్ద గ్యారేజీ పెట్టుకుని ఇక్కడికెందుకొచ్చావ్?"

"నీళ్ళొస్తున్నాయి అన్నయ్యా. కారు దారి పోసిన కాంట్రాక్టరు దొంగ వెధవట. వాటం ఇంటి వైపు పెట్టిపోయాడు. పేరు మీ స్నేహితుడికే తెలియాలి."

"కాంట్రాక్టరేంటి?" అబూ సఖర్ పేక దించి అటూ ఇటూ చూశాడు. "బండి తోలుకొచ్చింది నేనే కదా! పోయించింది ఈయనే. ఆ మేస్త్రీ కుర్రాడు వాటం తప్పిందని మొత్తుకుంటే వాణ్ణి తిట్టి తరిమేశాడు కూడాను. ఏం రుష్దీ, గుర్తులేదూ?"

ఎవరూ ముక్క వెయ్యలేదు. పక్కనున్నాయన మోకాలితో పొడిచాక గానీ అబూ సఖర్‌కి తను అన్నదేమిటో తెలిసిరాలేదు. ఆట ఇంకో పావుగంట ఎలాగో నడిచి, చలి పెరుగుతోందని వంక పెట్టుకుని ముగ్గురూ లేచారు.

వాళ్ళు వెళ్ళాక రుష్దీ ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని పేకముక్కలు దొంతి పెట్టాడు. పడగొట్టి మళ్ళీ పెట్టాడు.

"ఆరోజు ఆఫీసు వాళ్ళంతా వచ్చారు" అన్నాడు చివరికి. "డైరెక్టరు కూడా. వాళ్ళ ముందు ఆ కుర్రాడు రసమట్టం పట్టుకొచ్చి, హాజీ ఇది తప్పు అన్నాడు. ముప్ఫైయేళ్ళు రోడ్లు వేసిన మనిషికి వీడు చెప్తాడా అనిపించింది. సాయంత్రం అందరూ పోయాక నేనూ చూశా. తప్పే. అప్పటికి గట్టిపడిపోయింది."

"తొమ్మిదేళ్ళు."

"చెబుదామనే అనుకున్నా."

"ఎప్పుడు? నేను నీళ్ళు తోస్తున్నప్పుడా, మీరు బెజ్జాలు పెడుతున్నప్పుడా?" నజీహా దారం కొరికి తెంపింది. "నాకు మీ కారణాలు అక్కర్లేదు, అబూ జవాద్. ఆ మేస్త్రీ ఎక్కడున్నాడో కనుక్కోండి. మీరే వెళ్ళండి. నేను ఫోను చెయ్యను."

మూడు రోజులు రుష్దీ ఇంట్లో తిరిగాడు, తోటలో తిరిగాడు. నాలుగోరోజు కారు తీశాడు. ఆ మేస్త్రీ హమ్దాన్ ఇప్పుడు పక్క పేటలో సొంతంగా పనులు చేయిస్తున్నాడట. మొదటిసారి వెళ్తే లేడన్నారు. రెండోసారి వెళ్తే ఉండి కూడా గంటన్నర ఇసకకుప్ప పక్కన నిలబెట్టాడు. ఇవన్నీ రుష్దీ చెప్పలేదు, అబూ సఖర్ భార్య చెప్పింది.

బుధవారం హమ్దాన్ వచ్చాడు. ముప్ఫై అయిదు దాటినవాడు, గడ్డం నెరుస్తోంది. దారంతా ఒకసారి చూసి, పద్నాలుగు బెజ్జాల దగ్గర ఆగాడు.

"ఇవేంటి వదినా, ఎలకలా?"

"పెద్దవే" అంది నజీహా.

రుష్దీ మొహం కందింది. హమ్దాన్ నవ్వలేదు. "హాజీ, ఆరోజు నన్ను మేకల దగ్గరికెళ్ళి పని నేర్చుకోమన్నావ్. మా నాన్నకి నిజంగానే మేకలుండేవి. పోనీలే. ఈ పని చేస్తాను. కానీ ఒక షరతు. నువ్వు ఆ మెట్టు మీద కూర్చోవాలి. వాటం గురించి మాట్లాడకూడదు."

"నా ఇంట్లో నేను..."

"కూర్చుంటారు" అంది నజీహా.

షట్టరు ముందు సిమెంటు అడ్డంగా కోసి, కాలవ తవ్వి, పైన ఇనుప జాలీ వేసి, నీళ్ళని గొట్టంలో ఎడమపక్క తోట పల్లానికి పంపాలి. చెప్పడానికి ఇంతే. మొదటిరోజంతా కోత మిషను చప్పుడుకి పక్కింటివాళ్ళు రెండుసార్లు వచ్చి అరిచారు. తొమ్మిదేళ్ళ కిందట రుష్దీ పగుళ్ళు రాకుండా ఇనుపచువ్వ రెండింతలు వేయించాడు, బలంగా ఉండాలని. ఆ చువ్వ కోసేసరికి హమ్దాన్ కోత మిషను చక్రాలు రెండు అరిగిపోయాయి. ప్రతి చువ్వకీ ఒకసారి తలెత్తి మెట్టు వైపు చూసేవాడు. మెట్టు మీది మనిషి శాలువా సర్దుకునేవాడు.

రెండోరోజు కాలవ నోరు తెరుచుకుని ఉండగానే, గొట్టం ఇంకా పడకుండానే, వాన దిగింది. తవ్విన మట్టి బురదై మళ్ళీ కాలవలోకి జారింది, మిగతాది గ్యారేజీలోకి నడిచింది. హమ్దాన్, అతని పనివాడు, నజీహా బకెట్లతో ఎత్తిపోస్తుంటే మెట్టు మీద రుష్దీ లేచి నిలబడ్డాడు.

"పైనించి అడ్డుకట్ట వెయ్యాలి. కింద ఎత్తిపోస్తే ఎప్పటికి తరుగుతుంది?"

"మాట్లాడొద్దన్నానా?" అన్నాడు హమ్దాన్, మొహం మీద బురద తుడుచుకుంటూ.

"వాటం గురించి కాదు, అడ్డుకట్ట గురించి."

హమ్దాన్ బకెట్టు దించాడు. ఒక నిమిషం ఆలోచించి, ఇసక బస్తాల వైపు గడ్డం ఎగరేశాడు. అరవై నాలుగేళ్ళ మనిషి వానలో బస్తా తరవాత బస్తా ఈడ్చుకొచ్చి దారికి అడ్డంగా పేర్చాడు. నడుం పట్టుకుపోయి రెండు రోజులు మంచం దిగలేదు. నజీహా వేడినీళ్ళ సంచి పెట్టింది గానీ జాలి మాటలేమీ అనలేదు. సౌబ్ కింది పట్టీ పని ఇంకా రెండు చేతుల వెడల్పు మిగిలి ఉంది, పెళ్ళి నాలుగు రోజుల్లోకి వచ్చింది.

పెళ్ళి సమయానికి సౌబ్ అందింది. ఉమ్ నిదాల్ కళ్ళజోడు పెట్టుకుని మరీ అతుకు వెతికింది. దొరికిందో లేదో చెప్పలేదు, కానీ రెండో కూతురికి కొలతలు ఇచ్చి వెళ్ళింది.

మార్చిలో పెద్దవాన పడింది. నీళ్ళు జాలీ దాకా వచ్చి, గుటగుటమంటూ కిందికి దిగి, తోట చివర గొట్టంలోంచి బయటపడ్డాయి. అయితే అన్నీ కావు. కుడిపక్క మూలలో పళ్ళెమంత మడుగు ఒకటి అలాగే నిలిచింది. రుష్దీ దాని చుట్టూ నాలుగుసార్లు తిరిగి, "హమ్దాన్‌ని పిలిచి ఇది కూడా..." అనబోయాడు.

"దాన్ని ముట్టుకున్నారంటే నేను జవాద్ దగ్గరికి పోతాను" అంది నజీహా పైనుంచి.

వారం రోజులకి గ్యారేజీ నేల పూర్తిగా ఆరింది. రుష్దీ గోడలకి సున్నం కూడా వేయించాడు. ముందుగది గుమ్మంలోకి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"కింద అంతా పొడిగా ఉంది. మిషన్లు దింపిద్దామా మరి?"

నజీహా కిటికీ దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. "ఎందుకు? ఇక్కడ వెలుతురు బాగుంది. అద్దాలు పెట్టుకోకుండానే దారం ఎక్కుతోంది."

"గురువారం మావాళ్ళు వస్తే?"

"గ్యారేజీ ఉందిగా."

ఆయన ఒకసారి కుర్చీల వైపు, ఒకసారి మెట్ల వైపు చూశాడు.

గురువారం సాయంత్రం నలుగురూ బంగారు అంచుల కుర్చీలు ఒక్కొక్కటీ మెట్ల మీంచి దింపుకున్నారు. దింపుతున్నంతసేపూ అబూ సఖర్ చలి గురించి గొణుగుతూనే ఉన్నాడు. నజీహా పైన ఒక సౌబ్ చేతికి పట్టీ కుడుతోంది. పేక కలిపే చప్పుడు, టీ గ్లాసుల చప్పుడు వినిపించాయి. కాసేపటికి మొగుడి గొంతు లేచింది. "ఈ జాలీ ఇక్కడే ఎందుకు పెట్టించానో తెలుసా? నీళ్ళ వాటం అంటే ఏమిటంటే..."

నజీహా ఒక నిట్టూర్పు విడిచి, ఆ గొంతు వినపడనంత గట్టిగా పెడలు తొక్కింది.